భార్యకు కీమో, పాపకు పుట్టుకతోనే చిన్న చెయ్యి: ఇద్దరి పక్కనా ఎలా నిలబడాలి?

మీరు అడిగింది ఇది: మీ ఆవిడకి రొమ్ము క్యాన్సర్ అని బయాప్సీలో తేలింది. ముందు కీమో, తర్వాత సర్జరీ, ఆపైన రేడియేషన్ అన్నారు. మీ పాపకి నాలుగేళ్లు, పుట్టుకతోనే ఎడమ చెయ్యి మోచేతి కింద ఆగిపోయింది. కృత్రిమ చెయ్యి కొలతల కోసం వచ్చే నెల అపాయింట్‌మెంట్ ఉంది. మీ ఆవిడ "రెండూ నా వల్లే" అని కుమిలిపోతోంది. పాపకి ఏం చెప్పాలో తెలియడం లేదు, ఇద్దరినీ ఒక్కడినే ఎలా చూసుకోవాలి అన్నారు.

నా భార్యకి ఇదే జబ్బుకి చికిత్స జరిగినప్పుడు మా అబ్బాయి మీ పాప వయసువాడే. వాడి కుడి చేతికి మణికట్టు దాటాక అరచెయ్యి లేదు, చివర బుడిపెల్లాంటి చిన్న చిన్న వేళ్లుంటాయి. నేను డాక్టర్‌ని కాను కాబట్టి వైద్యం సంగతులు మీ డాక్టర్ దగ్గర ఒకసారి సరిచూసుకోండి. కానీ ఈ రెండూ ఒకే ఇంట్లో ఉంటే రోజు ఎలా గడుస్తుందో నాకు బాగా తెలుసు.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది: ఈ రెండిటినీ కలిపి ఒకే కష్టంగా చూడకండి. మీ ఆవిడది జబ్బు. దానికి తేదీలున్నాయి, మందులున్నాయి, ఆలస్యం పనికిరాదు. మీ పాపది జబ్బు కాదు, ఆమె ఒళ్లు అలా ఉంది, అంతే. అక్కడ నయం చేయాల్సిందేమీ లేదు. నేర్చుకోవాల్సినవి ఉన్నాయి, అవి ఆమె వయసుతో పాటు నెమ్మదిగా వస్తాయి. ఈ సంగతి మీకు మనసులో గట్టిగా పడితే ఏ రోజు దేని వెంట పరుగెత్తాలో, దేన్ని నిశ్చింతగా పక్కన పెట్టొచ్చో తెలుస్తుంది. లేకపోతే రెండూ ఒకదాని మీద ఒకటి పడి, ఇంట్లో అన్నీ అత్యవసరాలే అనిపిస్తాయి.

ముందు మీ ఆవిడ మాట. "రెండూ నా వల్లే" అన్నదాన్ని "అలా అనకు" అని తోసేయకండి, అలా అంటే లోపల ఇంకా గట్టిపడుతుంది. వివరంగా చెప్పాలి. గర్భంలో బిడ్డ చేతులు, కాళ్లు రూపుదిద్దుకునేది దాదాపు 4వ వారం నుంచి 8వ వారం లోపు. చాలామందికి గర్భం అని తెలిసే సరికే ఆ సమయంలో సగం గడిచిపోతుంది. మీ పాపకి ఉన్నట్టు మోచేతి కింద అడ్డంగా ఆగిపోవడం చాలావరకు ఆ చేతికి వెళ్లే రక్తం సరిగా అందకపోవడం వల్లో, ఉమ్మనీటి సంచి పొర పోగులు చుట్టుకోవడం వల్లో జరుగుతుందని డాక్టర్లు చెబుతారు. చాలామంది విషయంలో కారణం ఇదీ అని తేలదు. తల్లి ఏదో తినడం వల్లో, బరువు ఎత్తడం వల్లో, ఏడవడం వల్లో అది జరగదు. ఒకప్పుడు థాలిడోమైడ్ అనే మాత్ర వల్ల వేలమంది పిల్లలు ఇలా పుట్టారు, 1961లో ఆ మందును మార్కెట్ నుంచి తీసేయడం మొదలైంది. అలాంటి మందు ఏదీ వాడలేదని తెలిసినప్పుడు తల్లి తనను తాను బోనులో నిలబెట్టుకోవాల్సిన పని లేదు.

ఆ చెయ్యికీ ఈ క్యాన్సర్‌కీ సంబంధం ఉందా అని మీకూ ఎక్కడో ఒక అనుమానం ఉండే ఉంటుంది. దాదాపు అందరి విషయంలోనూ ఉండదు. అరుదుగా ఒక్క సందర్భంలో ఉండొచ్చు, అది తెలుసుకోవడం మంచిది. బీఆర్‌సీఏ2 అనే జన్యువు ఒక కాపీలో లోపం ఉంటే ఆడవాళ్లకి రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. అదే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలూ లోపంతో వస్తే బిడ్డకి ఫాంకోని అనీమియా అనే అరుదైన రక్త సంబంధ జబ్బులో ఒక రకం వస్తుంది. ఆ జబ్బులో కొందరు పిల్లలకి బొటనవేలు గానీ, ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక గానీ సరిగా ఏర్పడదు. మీ పాప చెయ్యి తీరు వేరు. అయినా చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్ వచ్చిన వాళ్లకి ఎలాగూ జన్యు పరీక్ష రాస్తారు. ఆ కౌన్సెలింగ్‌కి వెళ్లినప్పుడు పాప చెయ్యి గురించి కూడా చెప్పండి, పుట్టినప్పటి ఎక్స్‌రే ఉంటే పట్టుకెళ్లండి. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు దొరికితే మీ ఇద్దరికీ రాత్రుళ్లు కొంత నిద్ర పడుతుంది.

ఇక కీమో. ఇక్కడ మీరు తప్పకుండా గుర్తుంచుకోవాల్సిన అంకె 100.4. థర్మామీటర్‌లో అంత ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్, లేదా అంతకంటే ఎక్కువ చూపిస్తే అది మామూలు జ్వరం కాదు. తెల్లకణాల కౌంట్ పడిపోయి ఉన్నప్పుడు ఇన్‌ఫెక్షన్ గంటల్లోనే ముదురుతుంది. పారాసెటమాల్ వేసి పొద్దున చూద్దాం అనుకోకూడదు. మాత్ర వేస్తే జ్వరం కనిపించకుండా పోతుంది, ఇన్‌ఫెక్షన్ మాత్రం లోపల అలాగే ఉంటుంది. ఎంత రాత్రయినా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరాలి. కౌంట్ బాగా తగ్గేది సాధారణంగా మందు ఎక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య. ప్రతి సైకిల్‌లో, అంటే కీమో ఎక్కించిన ప్రతి విడతలో, ఆ రోజుల్ని క్యాలెండర్ మీద రంగు పెన్నుతో గుర్తు పెట్టుకోండి. పాప బడి నుంచి జలుబు తెస్తే ఆ రోజుల్లో తల్లీ బిడ్డా వేరే గదుల్లో పడుకోవాలి, చేతులు కడుక్కోవడం ఇంట్లో అందరికీ అలవాటు కావాలి. పాపకి టీకాలు ఏవైనా వేయాల్సి ఉంటే ముందు క్యాన్సర్ డాక్టర్‌కి చెప్పండి. ముఖ్యంగా నోట్లో వేసే పోలియో చుక్కలు. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఉన్న ఇంట్లో ఆ చుక్కల బదులు ఇంజెక్షన్ రూపంలోని టీకా వేయిస్తారు.

మందు ఎక్కించాక దాదాపు రెండు రోజుల పాటు మూత్రంలో, వాంతిలో మందు అవశేషాలు ఉంటాయి. శుభ్రం చేసేటప్పుడు గ్లౌజులు వేసుకోండి. టాయిలెట్ మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయాలి. వీలైతే పాపకి ఆ రెండు రోజులు వేరే బాత్రూమ్ వాడించండి. డాక్సోరూబిసిన్ అనే కీమో మందు ఇస్తే మూత్రం ఎర్రగా వస్తుంది. మందు రంగు అది, రక్తం కాదు, ఇద్దరూ కంగారు పడకండి. వాంతులు రాకుండా ఇచ్చే మాత్రలు వికారం మొదలయ్యాక వేసుకునేవి కావు, రాసిచ్చిన వేళకి ముందే వేసుకోవాలి. వాటిలో కొన్నిటి వల్ల మలబద్ధకం వస్తుంది, అది చెప్పుకోవడానికి మొహమాటపడి చాలామంది రోజుల తరబడి బాధపడతారు. మీరే అడగండి. మంట, నొప్పి, నోటి పుండ్లు, విరేచనాలు, ఏది ఏ రోజు ఎంత అన్నది ఒక నోట్‌బుక్‌లో రాయండి. డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు ఆవిడకి సగం గుర్తుండవు, అడిగితే "బానే ఉంది" అనేస్తుంది. పక్కన మీరు పుస్తకం తెరిస్తే అసలు విషయం బయటికొస్తుంది. భర్తగా ఆసుపత్రిలో మీరు చేయగల పనుల్లో ఇది చాలా పెద్దది.

ముట్టుకోవడం గురించి పాపని భయపెట్టకండి. కీమో నడుస్తున్నా అమ్మని కౌగిలించుకోవచ్చు. తర్వాత బయటి నుంచి మెషీన్‌తో ఇచ్చే రేడియేషన్ వల్ల కూడా మనిషి ఒంట్లో ఏ కిరణాలూ మిగలవు, ఆ రోజే పక్కలో పడుకోబెట్టుకోవచ్చు. పోర్ట్ (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న పరికరం) పెట్టి ఉంటే కాలర్ ఎముక కింద ఆ వైపు తల ఆనించొద్దని, రెండో వైపు పడుకోమని చూపిస్తే చాలు. సర్జరీ తర్వాత కొన్ని వారాలు పాపని ఎత్తుకోకూడదంటారు. ఎత్తుకోలేకపోవడం తల్లికి చాలా కష్టంగా ఉంటుంది. ఆవిడని ముందు కూర్చోబెట్టి, ఒళ్లో దిండు పెట్టి, పాపనే ఎక్కి కూర్చోమనండి.

పిల్లలతో మాట్లాడటం గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మన పిల్లల విషయంలో ఇది మిగతా ఇళ్లలోలా ఉండదు. మామూలుగా నాలుగేళ్ల పిల్లలకి చెప్పాల్సినవి మూడు: ఇది నీ వల్ల రాలేదు, ముట్టుకుంటే అంటుకోదు, నిన్ను చూసుకోవడానికి ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. జబ్బు పేరు కూడా చెప్పేయండి. "అమ్మకి ఒంట్లో బాలేదు" అని మాత్రమే చెబితే రేపు తనకి జలుబు చేసినా అదే అనుకుని వణికిపోతుంది. కానీ పుట్టుకతో ఒక చెయ్యి చిన్నగా ఉన్న బిడ్డ ఒంటి గురించి అప్పటికే తనకంటూ కొన్ని ప్రశ్నలు పెట్టుకుని ఉంటుంది. అమ్మ ఒంట్లోంచి ఏదో తీసేస్తారట అంటే, నా చెయ్యి కూడా అలాగే తీసేశారా అని అడగొచ్చు. క్యాన్సర్ వల్లే నా చెయ్యి ఇలా అయిందా అనుకోవచ్చు. కొందరు పిల్లలు ఇవి బయటికి అడగరు, బొమ్మలతో ఆడుకునేటప్పుడు వాటితో అంటారు. ఓ చెవి అటు వేసి ఉంచండి.

మా ఇంట్లో జరిగింది ఒకటి చెబుతాను. కీమో అయిపోయి మా ఆవిడకి తల మీద మెత్తగా నూగు మొలిచింది. మా వాడు ఒళ్లో కూర్చుని ఆ తల నిమురుతూ నిమురుతూ, తన చిన్న చేతి చివర ఉన్న బుడిపెల్ని చూపించి, "అమ్మా, ఇవి కూడా ఇప్పుడు పెరుగుతాయా?" అన్నాడు. నాకు గొంతు పెగల్లేదు. మా ఆవిడ మాత్రం వెంటనే చెప్పింది: "లేదు నాన్నా. నా జుట్టు మందు వల్ల ఊడింది, మందు ఆపేస్తే వచ్చింది. నీ చెయ్యి ఇలాగే పుట్టింది. నీతో పాటే పెద్దదవుతుంది కానీ వేళ్లు రావు." వాడు కాసేపు ఏడ్చాడు, ఆవిడ ఊరుకోబెట్టే ప్రయత్నం చేయకుండా ఏడవనిచ్చింది. తర్వాత కూడా రెండు మూడుసార్లు అదే అడిగాడు, అదే జవాబు విన్నాడు, ఆ తర్వాత అడగడం మానేశాడు. "చూద్దాంలే, వస్తాయేమో" అని ఉంటే వాడు రోజూ పొద్దున లేచి చెయ్యి చూసుకునేవాడు. మీ పాప అడిగినప్పుడు కూడా ఇంత సూటిగానే చెప్పండి. జుట్టు సాధారణంగా మొదటి డోసు తర్వాత రెండు మూడు వారాలకి ఊడటం మొదలవుతుంది, కాబట్టి ఆ లోపే పాపకి చెప్పి ఉంచితే మంచిది. ఊడేది అమ్మ జుట్టే, నీ జుట్టు ఊడదు అని కూడా చెప్పాలి.

"అమ్మ చచ్చిపోతుందా?" అని అడిగితే మాత్రం, "చచ్చిపోదు" అని మాటివ్వకండి. "డాక్టర్లు మంచి మందులు ఇస్తున్నారు, అమ్మ తగ్గించుకోవడానికి గట్టిగా ప్రయత్నిస్తోంది, ఏదైనా మారితే నీకు నేనే చెబుతాను" అనండి. ఆ చివరి మాట తప్పకుండా నిలబెట్టుకోండి.

ఇంకొకటి చాలామంది గమనించరు. ఇంట్లో జబ్బు అనగానే బంధువులు సాయానికి వస్తారు. రావాలి కూడా, మొహమాటం లేకుండా పిలవండి, పనులు పంచండి. కానీ వచ్చినవాళ్లు జాలితో పాప పనులన్నీ వాళ్లే చేసేస్తారు. చొక్కా తొడిగేస్తారు, చెప్పులు వేసేస్తారు, నీళ్ల సీసా మూత తీసిచ్చేస్తారు. అప్పటిదాకా సీసాని మోకాళ్ల మధ్య నొక్కి పెట్టి కుడి చేత్తో మూత తిప్పుకునే పిల్ల, నెల తిరిగేసరికి చెయ్యి చాపి కూర్చుంటుంది. ఒంటిచేత్తో పని చేసే పిల్లలు సొంతంగా కనిపెట్టుకున్న పద్ధతులు ఎవరూ నేర్పినవి కావు, చేస్తూ ఉంటేనే నిలుస్తాయి. అందుకని వచ్చిన మొదటి రోజే చెప్పేయండి: "అడిగితేనే సాయం చేయండి, ఆలస్యమైనా పర్లేదు." పొద్దున బడికి అరగంట ముందు లేపితే టెన్షన్ ఉండదు. తల్లి మంచం పట్టిన రోజుల్లో, తన పని తను చేసుకోగలను అన్న ధీమా ఆ పిల్లకి చాలా ఆసరా.

చిన్న చేతిని దాచి ఫొటోలు తీయకండి, పొడుగు చేతుల చొక్కాలతో కప్పకండి. వచ్చినవాళ్లు "పాపం, తల్లికి అలా, పిల్లకి ఇలా" అంటే, పాప వినేలాగే చెప్పండి: "పిల్లకి ఏమీ కాలేదండీ, వాళ్లమ్మకే ఒంట్లో బాలేదు." ఈ ఒక్క వాక్యం మీరు ఎన్నిసార్లు అనాల్సి వస్తుందో, అన్నిసార్లూ అనండి. బయట పిల్లలు అడిగితే "నేను ఇలాగే పుట్టాను" అని చెప్పి ఆటలో పడటం నేర్పండి. బడిలో టీచర్‌కి రెండు విషయాలూ విడివిడిగా చెప్పండి. అమ్మ జబ్బు గురించి పాప దిగులుగా ఉంటే గమనించమని, చెయ్యి విషయంలో మాత్రం మిగతా పిల్లల్లాగే చూడమని.

పాపకి ధైర్యం చెప్పాలని ఘనకార్యాలు చేసినవాళ్ల వీడియోలు చూపిస్తుంటారు. చేతులు లేకుండా పుట్టిన శీతల్ దేవి కాలితో విల్లు పట్టుకుని 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మిక్స్‌డ్ టీమ్ విభాగంలో కాంస్యం గెలిచిన వీడియో మా వాడికీ ఇష్టమే. వాడు చూసింది పతకాన్ని కాదు, కాలి వేళ్లతో బాణం ఎలా పట్టుకుంటుందో చూశాడు. అలా చూడనివ్వండి చాలు. "నువ్వూ అలా అవ్వాలి" అని ఆ చిన్న ప్రాణం మీద బరువు పెట్టకండి, ముఖ్యంగా ఇప్పుడు.

మీ ఆవిడ గురించి, మీ ఇద్దరి గురించి. ఆవిడ కోలుకునే వరకు నేనే అమ్మా నాన్నా అన్న పట్టుదలతో ఆవిడ చేతిలోంచి బిడ్డ పనులన్నీ లాగేసుకోకండి. లేవలేని రోజున కూడా పాపకి కథ చెప్పడం, రేపు ఏ గౌను వేసుకోవాలో నిర్ణయించడం ఆవిడకే ఉంచండి. ప్యాక్లిటాక్సెల్ లాంటి కీమో మందుల వల్ల వేళ్లు తిమ్మిరెక్కి బొత్తాలు పెట్టుకోవడం కష్టమవుతుంది. మా వాడికి థెరపిస్ట్ ఇచ్చిన బటన్ హుక్, కర్రపిడికి తీగ ఉన్న చిన్న పరికరం, కొన్నాళ్లు మా ఆవిడే వాడుకుంది. దాన్ని బొత్తం కాజాలోంచి దూర్చి, బొత్తాన్ని పట్టి లాగడం వాడే చూపించాడు. వేళ్ల తిమ్మిరి పెరుగుతుంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, డోసు మార్చాల్సి రావచ్చు.

సర్జరీలో రొమ్ము తీసేయాల్సి వస్తే, కుట్లు మొదటిసారి చూసుకునేటప్పుడు పక్కన ఉండమంటుందో వద్దంటుందో ఆవిడనే అడగండి. ఉండమంటే, మొహం తిప్పుకోకుండా చూడండి. చంకలో గ్రంథులు తీసిన వైపు చెయ్యి వాస్తుంటే, బరువుగా అనిపిస్తుంటే తొందరగా చూపించండి, వాపు ముదరకముందే ఫిజియో మొదలుపెడితే అదుపులో ఉంటుంది. దగ్గరితనం గురించి తొందరపెట్టకండి, అలాగని దూరంగా కూడా పడుకోకండి. చికిత్స అయిపోయాక "ఇక అయిపోయిందిగా" అనే మాట మాత్రం వద్దు. నీరసం నెలల తరబడి ఉంటుంది, ప్రతి స్కాన్ ముందూ భయం తిరిగొస్తుంది, హార్మోన్ మాత్ర రాస్తే అది 5 నుంచి 10 ఏళ్ల దాకా నడుస్తుంది.

మీ సంగతి కూడా ఉంది. రాత్రి నిద్ర వరసగా పోతుంటే, ఊరికే కోపం వస్తుంటే, దేని మీదా ఆసక్తి లేకపోతే అది బలహీనత కాదు, డాక్టర్‌కి చెప్పాల్సిన లక్షణం. వారంలో ఒక పూట ఇంటి బాధ్యత ఇంకొకరికి అప్పగించి బయటికి వెళ్లండి.

చివరగా మీ అపాయింట్‌మెంట్. కౌంట్ తగ్గే రోజుల్లో పడితే తేదీ మార్చుకోండి, లేదంటే వెళ్లండి. రెండు మూడు నెలలు వెనక్కి జరిగినా పాపకి నష్టమేమీ లేదు, ఎందుకంటే ఒక చెయ్యి చిన్నగా పుట్టిన పిల్లల్లో చాలామంది కృత్రిమ చెయ్యి లేకుండానే అన్ని పనులూ చేసుకుంటారు. కొందరు పెట్టుకుని తీసేస్తారు కూడా, ఎందుకంటే చిన్న చేతికి స్పర్శ ఉంటుంది, ప్లాస్టిక్‌కి ఉండదు. సైకిల్ హ్యాండిల్ పట్టుకోవడం లాంటి ఫలానా పనికి పనికొచ్చే పరికరం కావాలేమో పాపనే అడిగి చూడండి. ఇది చదువుతున్న వాళ్లలో ఎవరి బిడ్డకైనా కృత్రిమ కాలు ఉంటే మాత్రం వాయిదా వేయొద్దు. ఎదిగే పిల్లలకి సాకెట్, అంటే కాలు దూర్చే గిన్నె లాంటి భాగం, త్వరగా బిగుతవుతుంది. తీసిన పావుగంట తర్వాత కూడా చర్మం మీద ఎర్రదనం పోకపోతే కాలు చేసినవాళ్ల దగ్గరికి వెళ్లి సరిచేయించాలి. మీ ఇంట్లో ఈ వారం పనులు వేరే ఉన్నాయి: మంచి డిజిటల్ థర్మామీటర్ కొనడం, ఆసుపత్రి రాత్రి నంబర్ గోడ మీద రాసి పెట్టడం, మీ ఆవిడకి పళ్ల సమస్య ఏదైనా ఉంటే కీమోకి ముందే చూపించడం, పాపతో ఇద్దరూ కలిసి కూర్చుని మాట్లాడటం. కొలతలకి వెళ్లే రోజు మీ ఆవిడకి ఓపిక ఉంటే ఆవిడనీ తీసుకెళ్లండి, చెయ్యి రంగు ఎంచుకునేది మాత్రం పాపే.